కర్నూలు జిల్లాలో నర్సుల కొరతను లెక్కగట్టడం ఎలా?

నర్సులు సరిపోవడం లేదన్న మాట ఎవరైనా చెబుతారు. ఆ మాట పట్టుకుని కలెక్టర్ దగ్గరికి వెళ్తే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: ఎక్కడ, ఏ షిఫ్టులో, ఎందరు? దానికి జవాబు చేతిలో లేకపోతే మీ వినతిపత్రం మీద ‘పరిశీలించగలరు’ అని రాసి పక్కన పెడతారు. ఆ జవాబును ఎలా తయారుచేసుకోవాలో ఇక్కడ చెబుతున్నాను. నర్సింగ్ కళాశాలల అధ్యాపకులు, ఎమ్మెస్సీ నర్సింగ్ విద్యార్థులు, నర్సింగ్ సూపరింటెండెంట్లు, సంఘాల బాధ్యులు ఎవరైనా మొదలుపెట్టవచ్చు. ఉదాహరణలు కర్నూలువి. అనంతపురంలోనైనా కడపలోనైనా పద్ధతి ఇదే.

ప్రశ్నను కుదించుకోండి

‘రాష్ట్రంలో నర్సింగ్ సిబ్బంది స్థితిగతులు’ అని శీర్షిక పెట్టుకుంటే రెండేళ్లు గడిచినా ముందుమాట దాటరు. ‘ఆదోని డివిజన్‌లోని ప్రభుత్వ ప్రసూతి వార్డులకు ఎందరు నర్సులు కావాలి, ఇప్పుడు ఎందరున్నారు?’ అని పెట్టుకుంటే నాలుగు నెలల్లో ముగించవచ్చు. ఒక వార్డు రకం, ఒక ప్రాంతం, ఒక కేడర్ ఎంచుకోండి. మొదటిసారికి అది చాలు.

జనాభా నిష్పత్తి జోలికి మాత్రం పోకండి. వెయ్యి మందికి ఇందరు నర్సులు అన్న లెక్క దేశాలను పోల్చడానికి పనికొస్తుంది, కర్నూలుకు పనికిరాదు. ఇక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి నంద్యాల నుంచే కాక గద్వాల, రాయచూరు, బళ్లారి వైపుల నుంచి కూడా రోగులు వస్తారు. జిల్లా జనాభాతో భాగిస్తే ఆ భారం లెక్కలోకే రాదు. పైగా 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కాబట్టి పాత నివేదికల్లో ‘కర్నూలు జిల్లా’ అంటే నంద్యాలతో కలిపి. అంతకుముందరి అంకెలను నేటి అంకెల పక్కన పెట్టే ముందు ఏ మండలాలు ఎటు వెళ్లాయో సరిచూసుకోవాలి.

ఎవరెవరిని కలుపుకోవాలి

జిల్లాలోని నర్సులందరి లెక్కా ఒకే చోట దొరుకుతుందనుకుంటే పొరపాటు. బోధనాసుపత్రి నర్సులు వైద్య విద్యా సంచాలకుల పరిధిలో ఉంటారు. ఏరియా ఆసుపత్రులు, సామాజిక ఆరోగ్య కేంద్రాల వివరాలు డీసీహెచ్‌ఎస్ (జిల్లా ఆసుపత్రుల సేవల సమన్వయాధికారి) దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలవి డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) దగ్గర దొరుకుతాయి. వీరు కాక జాతీయ ఆరోగ్య మిషన్ కాంట్రాక్టు నర్సులు, ఆప్కాస్ (రాష్ట్ర పొరుగు సేవల సంస్థ) ద్వారా జీతం తీసుకునే పొరుగు సేవల సిబ్బంది ఉన్నారు. పల్లెల్లోని గ్రామ ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీలలో (మధ్యస్థాయి ఆరోగ్య సేవకులలో) ఎక్కువ మంది బీఎస్సీ నర్సింగ్ చదివినవారే. ఆ పోస్టులు వచ్చాక వార్డుల నుంచి ఎందరు అటు వెళ్లారన్నది విడిగా ఒక అధ్యయనానికి సరిపోయే ప్రశ్న.

ఇక ప్రైవేటు ఆసుపత్రులు. వాటి జాబితా కోసం వీధి వీధీ తిరగనక్కర్లేదు. 2002 నాటి రాష్ట్ర ప్రైవేటు వైద్య సంస్థల రిజిస్ట్రేషన్, నియంత్రణ చట్టం ప్రకారం ఆసుపత్రులు, నర్సింగ్ హోమ్‌లు రిజిస్టరు కావాలి. ఆ రిజిస్టరు డీఎంహెచ్‌ఓ కార్యాలయంలో ఉంటుంది. అడిగితే ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. అయితే ముందు మాట్లాడి చూడండి. దరఖాస్తుతో మొదలైన పరిచయం చివరిదాకా దరఖాస్తులతోనే నడుస్తుంది.

మొదటి సమావేశానికి ఎనిమిది పది మంది చాలు. మూడు విభాగాల నుంచి ఒక్కొక్కరు, రెండు నర్సింగ్ కళాశాలల నుంచి ఇద్దరు, ప్రైవేటు ఆసుపత్రుల తరఫున ఒకరు, నర్సుల సంఘం నుంచి ఒకరు, స్థానిక డిగ్రీ కళాశాలలో గణాంక శాస్త్రం చెప్పేవారు ఒకరు. 1908 నుంచి ఉన్న భారత శిక్షిత నర్సుల సంఘానికి మీ ప్రాంతంలో సభ్యులుంటే వారినీ పిలవండి. వీరందరికంటే ముఖ్యంగా కనీసం ఇద్దరు హెడ్ నర్సులు ఉండి తీరాలి. డ్యూటీ చార్టు వేసే మనిషి లేకుండా నర్సుల ప్రణాళిక వేసేవాళ్లు ఎక్కువైపోయారు. ఆ ప్రణాళికలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు.

ఆ రోజే ఒక పేజీ ఒప్పందం రాసుకోండి. ఎవరు ఏ సమాచారం ఇస్తారు, పేర్లు ఎవరికి కనిపిస్తాయి, నివేదిక బయటికి వెళ్లే ముందు ఎవరెవరు చదువుతారు అన్నవి అందులో ఉండాలి. చదివి తప్పులు చూపే హక్కు అందరికీ ఉంటుంది, ఆపే హక్కు ఎవరికీ ఉండదు అన్న వాక్యం తప్పకుండా చేర్చండి. అది లేకుంటే తమ ఆసుపత్రి అంకె బాగాలేదని ఎవరో ఒకరు చివర్లో మొత్తం నివేదికకే అడ్డుపడతారు.

ఇలాంటి పనికి ప్రత్యేక సంస్థలు పెట్టుకున్నవారు ఉన్నారు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం 1991లోనే చట్టసభ ద్వారా నర్సింగ్ కేంద్రాన్ని ఏర్పాటు చేసింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఆ కేంద్రాలు ప్రధానంగా చూసేవి మూడు: ఉన్నవారు, కావలసినవారు, చదువుకుంటున్నవారు. లైసెన్సు పునరుద్ధరణ సమయంలోనే నాలుగు ప్రశ్నలు జోడించి, ఎవరు ఎక్కడ పనిచేస్తున్నారో రాబట్టుకోవడం అక్కడ అలవాటు. మనం చేసే పని కూడా ఆ మూడు లెక్కలే.

మొదటి లెక్క: ఉన్నవారు

రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టరులోని మొత్తాన్ని ఉన్నవారి సంఖ్యగా తీసుకోకండి. ఏఎన్‌ఎంగా నమోదై, ఆ తర్వాత జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా), దాని మీద బీఎస్సీ చేసిన ఒకే మనిషి మూడు చోట్ల కనిపించవచ్చు. దుబాయి వెళ్లినవారు, ఉద్యోగం మానేసినవారు, చనిపోయినవారు కూడా పాత పుస్తకాల్లో అలాగే ఉంటారు. ఈ చిక్కు తీర్చడానికే భారత నర్సింగ్ మండలి ఒక్కొక్కరికీ ప్రత్యేక సంఖ్య ఇచ్చే నమోదు, గుర్తింపు వ్యవస్థను తెచ్చింది. మీ ఆసుపత్రిలో ఎందరికి ఆ సంఖ్య ఉందో అడిగి రాసుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

మంజూరైన పోస్టుల పట్టికతో కూడా జాగ్రత్త. మంజూరైనవి, భర్తీ అయినవి, వార్డులో నిలబడి ఉన్నవి వేర్వేరు అంకెలు. మూడో అంకె దొరికేది డ్యూటీ చార్టులో మాత్రమే.

ఒక వార్డు చార్టు ముందు పెట్టుకుని చూడండి. ఎడమ వైపు పన్నెండు పేర్లు, పైన 1 నుంచి 31 దాకా తేదీలు. గళ్లలో ఎం అంటే ఉదయం, ఇ అంటే సాయంత్రం, ఎన్ అంటే రాత్రి. చాలా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉదయం 8 నుంచి 2, మధ్యాహ్నం 2 నుంచి 8, రాత్రి 8 నుంచి తెల్లారి 8 దాకా షిఫ్టులు. రాత్రుల తర్వాత ఎన్‌ఓ, అంటే నైట్ ఆఫ్. ఒక పేరు ఎదురుగా నెలంతా అడ్డంగా గీత గీసి ఎంఎల్ అని ఉంటుంది, ప్రసూతి సెలవు. ఇంకో పేరు ఎదురుగా ఓడీ, వేరే చోట పని. ఆమె జీతం ఈ ఆసుపత్రిలో, పని మరో ఆసుపత్రిలో. ఎర్ర సిరాతో కొట్టేసి పైన ఇంకో పేరు రాసిన గళ్లు ఉంటాయి, చివరి నిమిషంలో ఒకరి బదులు ఒకరు వచ్చారన్నమాట. ఆ ఎర్ర గళ్లను లెక్కపెట్టండి. నెలకు ఎన్ని ఉన్నాయన్నది ఆ వార్డు ఎంత బిగువుగా నడుస్తోందో చెప్పే అంకె. అది ఏ అధికారిక పట్టికలోనూ ఉండదు. ఇవన్నీ తీసేశాక 17వ తేదీ రాత్రి ఎందరు మిగిలారు? పన్నెండు మందిలో ఒక్కరు కావచ్చు. మీకు కావలసిన అంకె అది.

ఒక్క నెల చార్టు తీసుకుని ఊరుకోకండి, వరుసగా 12 నెలలవి ఫొటోలు తీసుకోండి. ఈ జిల్లాలో పని ఏడాదంతా ఒకేలా ఉండదు. వానలు పడ్డాక జ్వరాలు పెరుగుతాయి. శ్రావణంలో రాఘవేంద్ర స్వామి ఆరాధనోత్సవాలకు మంత్రాలయంలో జనం పోటెత్తుతారు. దసరా రాత్రి దేవరగట్టులో కర్రలతో తలపడే బన్ని ఉత్సవం ముగిసేసరికి ఆలూరు, ఆదోని ఆసుపత్రులకు తలలు పగిలినవారు వరుస కడతారు. దసరా తేదీ పంచాంగంలో ముందే ఉంటుంది, చార్టులో మాత్రం అదనపు పేర్లు ఉన్నాయో లేదో చూడండి. కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు సుగ్గికి (కూలి పనుల వలసకు) గుంటూరు బయలుదేరితే గర్భిణుల నమోదు కూడా వారితో పాటే కదిలిపోతుంది. సగటు తీస్తే ఇవేవీ కనిపించవు.

రెండో లెక్క: కావలసినవారు

సులువైన దారి పడకల నిష్పత్తి. భారత నర్సింగ్ మండలి ప్రమాణం ప్రకారం బోధనాసుపత్రి వార్డులో 3 పడకలకు ఒకరు, సాధారణ ఆసుపత్రిలో 5 పడకలకు ఒకరు, సెలవులకు సర్దుకోవడానికి మరో 30 శాతం. నివేదికలో దీన్ని రాయండి, కానీ దీని మీదే ఆధారపడకండి. మంజూరైన పడకలు 30 అయి, పడుకున్నవారు 48 మంది అయితే నిష్పత్తి పక్కన పెట్టాల్సిందే.

అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన పనిభార సూచిక పద్ధతి నేర్చుకోమంటాను. దాని సవరించిన మార్గదర్శి 2010లో వచ్చింది. లెక్క కాగితం మీద వేసుకోగలిగేదే. ఒక ఊహా ప్రసూతి వార్డుతో వేసి చూద్దాం.

మొదట ఒక నర్సు ఏడాదికి నిజంగా ఎన్ని గంటలు పనికి దొరుకుతుంది? వారానికి 6 రోజుల చొప్పున 52 వారాలకు 312 రోజులు. అందులో క్యాజువల్ సెలవులు 15, వాడుకునే ఆర్జిత సెలవులు 20, పండుగల సెలవులు 20, అనారోగ్యం 7, శిక్షణ 3 అనుకుందాం. తీసేస్తే 247 రోజులు. రోజుకు సగటున 7 గంటలైతే ఏడాదికి 1,729 గంటలు. ఈ అంకెలు మీ ఆసుపత్రి సెలవుల రిజిస్టరు నుంచి తీసుకోవాలి, నా నుంచి కాదు.

ఇక్కడే ఒక్క క్షణం ఆగి ఇంకో భాగహారం చేయండి. ఒక చోట రాత్రీ పగలూ ఒక నర్సు ఉండాలంటే ఏడాదికి 8,760 గంటలు కావాలి. దాన్ని 1,729తో భాగిస్తే 5 దాటుతుంది. అంటే ఐసీయూలో ఒక్క మంచం దగ్గర ఎప్పుడూ ఒకరు ఉండాలంటే ఐదుగురికి పైగా నియమించాలి. ‘మొన్ననే ఇద్దరిని ఇచ్చాం కదా’ అనే అధికారికి చూపించాల్సిన లెక్క ఇది.

తర్వాత పని. నెలకు 300 కాన్పులు, ఏడాదికి 3,600. ఒక్కో కాన్పుకు తల్లిని చేర్చుకున్నప్పటి నుంచి బిడ్డకు పాలు పట్టించేదాకా నర్సు సమయం 4 గంటలు అనుకుంటే 14,400 గంటలు. 1,729తో భాగిస్తే 8.33 మంది. అందరూ చేసే ఇతర పనులు ఉంటాయి: ఛార్జ్ అప్పగింత, కేస్ షీట్లు, మందుల ఇండెంట్లు, ఆన్‌లైన్ నమోదు. వీటికి 20 శాతం సమయం పోతే 8.33ను 0.80తో భాగించాలి, 10.41 వస్తుంది. హెడ్ నర్సు ఒక్కరే చేసే చార్టులు, స్టాకు, సమావేశాలకు ఏడాదికి 500 గంటలైతే మరో 0.29. మొత్తం 10.70, అంటే 11 మంది. ఇప్పుడున్నది 7 మంది అయితే 7ను 10.70తో భాగించండి, 0.65. ఇదే సూచిక. ఒకటి కంటే ఎంత తక్కువైతే అంత ఒత్తిడి. రెండు వార్డుల్లోనూ నలుగురేసి తక్కువ ఉన్నా, ఒకచోట సూచిక 0.85, ఇంకోచోట 0.50 ఉంటే మొదటి నియామకం ఎటు వెళ్లాలో వాదన అక్కర్లేదు.

ఈ లెక్కకు ప్రాణం ఆ ‘4 గంటలు’. దాన్ని పుస్తకంలోంచి తేకండి. పనిలో అనుభవమున్న ఐదారుగురు నర్సులను కూర్చోబెట్టి, మంచి ప్రమాణంతో చేస్తే ఎంత సమయం పడుతుందో తేల్చండి. ఇప్పుడు హడావిడిగా ఎంతలో ముగిస్తున్నారన్నది వద్దు. అది తీసుకుంటే కొరతే ప్రమాణం అయిపోతుంది. ఆ తర్వాత విద్యార్థులను వారం రోజులు మూడు షిఫ్టుల్లోనూ గడియారంతో నిలబెట్టి సరిచూడండి. రాత్రి రెండు గంటలప్పుడు సర్జికల్ వార్డులో ఉన్న ఒక్క నర్సు ఏం చేస్తోంది? ఒకరి సెలైన్ మార్చి, రక్తం కోసం బ్లడ్ బ్యాంకుకు ఫోను చేసి, స్ట్రెచర్ తోసేవాళ్లు లేక రోగిని తానే స్కానింగ్‌కు తీసుకెళ్లింది. ఆ పదిహేను నిమిషాలు వార్డులో ఎవరూ లేరు. ఆ పదిహేను నిమిషాలను విడి గడిలో రాయండి. నర్సు పని కానివన్నీ అలా కూడితే, కొన్ని వార్డులకు కావలసింది ఇంకో నర్సు కాదనీ ఒక వార్డు సహాయకుడో ఒక డేటా ఎంట్రీ ఆపరేటరో అనీ తేలవచ్చు. ఆ మాట నివేదికలో దాచకుండా రాయండి, మీ మిగతా అంకెల మీద నమ్మకం పెరుగుతుంది.

మూడో లెక్క: రాబోయేవారు

సీట్ల సంఖ్య చూసి సంబరపడవద్దు. బీఎస్సీకి 4 ఏళ్లు, జీఎన్‌ఎంకు 3 ఏళ్లు పడుతుంది. కాబట్టి ఈ ఏడాది చేరినవారు వార్డుకు వచ్చేసరికి ఇప్పటి కొరత వేరే రూపంలో ఉంటుంది. ప్రతి కళాశాల నుంచి ఐదు అంకెలు అడగండి: మంజూరైన సీట్లు, చేరినవారు, ముగించినవారు, నమోదు చేయించుకున్నవారు, ఏడాది తర్వాత ఎక్కడున్నారు. చివరిది ఎవరి దగ్గరా ఉండదు. పూర్వ విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఒక చిన్న ఫారం పెడితే అదే మంచి ఆధారం.

విద్యార్థులు ఏ మండలాల నుంచి వచ్చారో కూడా అడగండి. పల్లెల్లో పుట్టి పెరిగినవారిని వైద్య వృత్తుల్లోకి తీసుకుంటే వారు పల్లెల్లో పనిచేసే అవకాశం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. కోసిగి, పెద్దకడబూరు వైపు నుంచి ఎందరు అమ్మాయిలు నర్సింగ్‌లో చేరుతున్నారో తెలిస్తే, అక్కడి కేంద్రాలు ఎందుకు ఖాళీగా ఉంటున్నాయో సగం అర్థమవుతుంది.

వెళ్లిపోయినవారిని అడగండి

ఉన్నవాళ్లనే అడిగితే సగం కథే తెలుస్తుంది. హైదరాబాద్, బెంగళూరు వెళ్లినవారిని ఫోనులో పట్టుకోండి. ‘ఎందుకు మానేశారు?’ అని అడిగితే ‘ఇంటి కారణాలు’ అంటారు, అక్కడితో అయిపోతుంది. ‘మానేయడానికి ముందరి వారం ఎలా గడిచింది? చెప్పండి’ అనండి. రాత్రి 8కి షిఫ్టు దిగితే ఊరికి బస్సు ఉందా, పాపను ఎవరు చూసుకున్నారు, జీతం ఏ తేదీకి పడేది అన్నవి వాటంతట అవే వస్తాయి. ఇరవై మందితో మాట్లాడితే కొత్త సంగతులు తగ్గిపోతాయి, అక్కడ ఆపవచ్చు.

ప్రైవేటు నర్సుల జీతాల గురించి అడిగేటప్పుడు పోల్చడానికి ఒక కొలబద్ద ఉంది. 2016లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ఏర్పడిన కేంద్ర కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రిలోనూ నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని, 200 పడకలు దాటితే ప్రభుత్వ జీతంతో సమానంగా ఉండాలని సిఫారసు చేసింది. మీ పట్టణంలో ఏం జరుగుతోందో మీరే రాసుకోండి. ఆసుపత్రి పేరు మాత్రం వద్దు, పడకల స్థాయి రాస్తే చాలు.

ఈ సంభాషణలు మొదలుపెట్టే ముందు వైద్య కళాశాల నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి తప్పనిసరి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు తెరిచి దరఖాస్తు నింపండి. రాతపూర్వక సమ్మతి తీసుకోండి, పేర్ల స్థానంలో సంఖ్యలు వాడండి. పేర్ల జాబితా ఒక్కరి దగ్గరే, తాళం కింద ఉండాలి. సూపరింటెండెంట్ ఎదుట కూర్చోబెట్టి నర్సును ఇబ్బందుల గురించి అడగడం పరిశోధన కాదు, హాజరు తీసుకోవడం.

ఎవరి ముందు ఏం పెట్టాలి

నివేదిక రెండు వందల పేజీలైనా, బల్ల మీద పెట్టేది రెండు పేజీలే. ఒక్కో కోరిక ఎవరి చేతిలో ఉందో చూసుకుని వారికే ఇవ్వండి. స్ట్రెచర్ తోసేవారు, డేటా ఆపరేటర్ లాంటివి ఆసుపత్రి అభివృద్ధి సొసైటీ సమావేశంలో తేలతాయి. ఓడీ మీద బయట ఉన్నవారిని వెనక్కి పిలవడం, రాత్రి బస్సు, వసతి గృహం గది లాంటివి కలెక్టర్ స్థాయిలో జరుగుతాయి. కొత్త పోస్టులు, భర్తీలకు పైదాకా వెళ్లాలి. జోన్ స్థాయి స్టాఫ్ నర్సు నియామకాల వ్యవహారం కడపలోని ప్రాంతీయ సంచాలకుల కార్యాలయం చూస్తుంది కాబట్టి, ఆ పేజీ కర్నూలులో పట్టుకుని తిరిగితే లాభం లేదు. పొరుగు జిల్లాల కళాశాలలు కూడా ఇదే ఫారంతో లెక్క తీస్తే జోన్ మొత్తానికి ఒకే పట్టిక ఇవ్వవచ్చు. దాని బరువు వేరు.

ఖర్చు గురించి అడుగుతారు, సిద్ధంగా ఉండండి. నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో, ఒక్కో నర్సుకు శస్త్రచికిత్స రోగి ఒకరు అదనమైతే 30 రోజుల్లోపు మరణించే అవకాశం 7 శాతం పెరిగింది. అది అక్కడి ఆసుపత్రుల అంకె, దాన్ని మన వార్డుకు అతికించవద్దు. కొరతకూ ప్రాణాలకూ లంకె ఉందని చూపడానికి వాడితే చాలు. కాలిఫోర్నియా 1999లో చట్టం చేసి 2004 నుంచి కనీస నర్సుల నిష్పత్తిని అమలు చేస్తోందన్నది కూడా చెప్పవచ్చు.

చివరగా ఫైలు సంగతి. విద్యార్థి థీసిస్ పూర్తి కాగానే ఆ అంకెలు ఆమె ల్యాప్‌టాప్‌తో పాటు వెళ్లిపోతాయి. అందుకే ఫారం, పట్టిక, లెక్క సూత్రాలు కళాశాల కంప్యూటర్‌లో ఒకటి, నర్సింగ్ సూపరింటెండెంట్ గదిలో ఒకటి ఉంచండి. ఏటా బదిలీలు ముగిశాక ఒక నెల ఆగి, కొత్త చార్టులతో మళ్లీ నింపండి. రెండోసారి రెండు వారాల పనే. ఆ పని ఎవరిదో పేరు రాసి, ఒప్పందం కాగితానికి పిన్ను కొట్టండి.